ఉద్దానం చూడటానికి మిత్రులు వస్తున్నారు: ఏమి చూపించాలి, ఏమి చెప్పాలి?

ప్రశ్న: కవిటి వాసి

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలోని ఒక పల్లెలో పుట్టి, పదవ తరగతి వరకు అక్కడే చదువుకుని, పన్నెండేళ్లుగా హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఈ సంక్రాంతికి నాతో పనిచేసే నలుగురు మిత్రులు మా ఊరు వస్తామంటున్నారు. ఇద్దరిది కరీంనగర్ వైపు, ఒకరిది తెనాలి, ఇంకొకరిది కర్నూలు. మూడు రోజులు ఉంటారు.

పిలిచింది నేనే. ఒకనాడు భోజనాల వేళ ఎవరో కోనసీమ తోటల గురించి గొప్పగా చెబుతుంటే ఊరుకోలేక, మా ఉద్దానం చూడకుండా కొబ్బరితోట చూశామని ఎవరూ అనకూడదని నోరు జారాను. అయితే రండి చూద్దామన్నట్టుగా వారు వెంటనే రైలు టికెట్లు తీసేసుకున్నారు. ఆ తర్వాత తెనాలి మిత్రుడు, ఏ వెక్కిరింతా లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్న ఉద్దేశంతో, "అక్కడి నీళ్లు తాగవచ్చా, లేక మమ్మల్నే తెచ్చుకోమంటావా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నేను సరిగా సమాధానం చెప్పలేకపోయాను. ఉద్దానం అన్న మాట వినగానే బయటివారికి రెండే గుర్తుకు వస్తాయి: ఒకటి కిడ్నీ జబ్బు, రెండు తిత్లీ తుఫాను. తప్పు వారిది కాదు, వార్తల్లో మా పేరు కనిపించేది ఆ రెండు సందర్భాల్లోనే. మా చిన్నాన్న కూడా వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళతారు కనుక, అదంతా అబద్ధమని కొట్టిపారేసే హక్కు నాకు అసలే లేదు.

నా చిక్కు ఏమిటంటే, నేను మా ప్రాంతంలో దేనిని ప్రేమిస్తానో అది చూపించడానికి వీలైన వస్తువు కాదు. ఎండ మాడుతున్న మధ్యాహ్నం తోటలోకి అడుగుపెట్టగానే చెప్పు కింద ఇసుక చల్లబడటం, గాలి లేని వేళ ఎక్కడో ఒక ఎండు మట్ట ఊడి పడిన చప్పుడుకు కుక్క ఒక్కసారి మొరిగి ఊరుకోవడం, దారిలో ఎదురైన ముసలమ్మ "ఎవులి గుంటడివి బాబూ?" అని ఆపి, తాత పేరు చెప్పేదాకా కదలనివ్వకపోవడం, ఇటువంటివి నాకు ఇష్టం. వీటిని కారులో తిప్పి చూపించలేము కదా. గుడి, జలపాతం, కోట ఉన్న ఊరివారికి ఈ బాధ ఉండదు.

కాబట్టి అడుగుతున్నాను. జనవరి నెలలో మూడు రోజుల్లో వీరిని ఎక్కడికి తీసుకువెళ్లాలి? జబ్బు గురించి అడిగితే ఎంత చెప్పాలి, అడగకపోతే నేనే చెప్పాలా?

సమాధానం 1: విశ్రాంత ఉపాధ్యాయుడు, సోంపేట

బాబూ, మీ ప్రశ్న చదివి సంతోషించాను. ముప్పై ఏళ్లకు పైగా ఈ మండలాల్లోనే పాఠాలు చెప్పినవాడిని కనుక కొంచెం విస్తరంగా రాస్తాను, విసుక్కోకండి.

మొదట వారికి ఉద్దానం అంటే ఏమిటో చెప్పండి. ఉద్యానవనమే నోటి వాడుకలో ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. మనవాళ్లు ఇప్పటికీ సొంత తోటకు వెళ్లేటప్పుడు "ఉద్దానంలోకి వెళ్లొస్తాను" అనే అంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఇసుక నేల ఉన్నంత మేరా ఈ తోట పరుచుకుని ఉంటుంది. కోనసీమతో పోటీ పెట్టకండి. అక్కడిది గోదావరి కాలువల కింద పండిన కొబ్బరి, ఇక్కడిది వానను, బావిని, ఇసుక అడుగున నిలిచిన తేమను నమ్ముకుని బతికిన కొబ్బరి. పైగా మన తోటలో కొబ్బరి ఒంటరిగా ఉండదు. దాని నీడన పనస, పక్కన జీడిమామిడి, గట్టు మీద మామిడి, మునగ, ఎక్కడ జాగా దొరికితే అక్కడ అరటి, ఆ పైన మిరియపు తీగ కూడా కొందరు పాకిస్తారు. ఒక పంట దెబ్బతింటే ఇంకొకటి ఆదుకుంటుందని మన ముందుతరం వాళ్లు చేసిన ఏర్పాటు అది.

ఇక చూడవలసినవి. మొదటి రోజు తెల్లవారకముందే లేపి బారువ తీసుకువెళ్లండి. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు అది. ఒకప్పుడు ఓడరేవు, ఇప్పుడు దీపస్తంభమూ, తెప్పలూ, పడవలూ మిగిలాయి. స్వాతంత్ర్య సమరయోధుడు సర్దార్ గౌతు లచ్చన్న 1909లో పుట్టిన ఊరు కూడా అదే. అక్కడ నది మొగ దగ్గర నిలబడి ఒకసారి వెనక్కి తిరగమనండి. మంచు పలుచగా ఉంటే పడమటి వైపు మహేంద్రగిరి నీలంగా కనిపిస్తుంది. 1501 మీటర్ల ఆ కొండ ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్నా, దాని మీద కురిసిన వానే ఈ నది అయి వచ్చిందని, కొండకూ కడలికీ మధ్య బస్సులో గంట ప్రయాణం మించని ఈ పలుచని పట్టీయే మన దేశమని చెప్పండి. నా విద్యార్థులకు భూగోళం పాఠం నేను అక్కడే చెప్పేవాడిని.

రెండవ రోజు మందస వైపు వెళ్లండి. వాసుదేవ పెరుమాళ్ ఆలయం చూశాక, దగ్గరలోని గుడారి రాజమణిపురం తప్పక తీసుకువెళ్లండి. జమీందారీ అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కోసం రైతులు ఎదురు తిరిగినప్పుడు, 1940 ఏప్రిల్ 1న జరిగిన పోలీసు కాల్పుల్లో సాసుమాను గున్నమ్మ చనిపోయింది ఆ ఊళ్లోనే. అప్పటికి ఆమె నిండు గర్భిణి. మన ప్రాంతపువారు నెమ్మదస్తులు, గొడవలకు పోరు అని బయటివారు అంటుంటారు. నెమ్మదస్తులమే, కాని మాకూ ఒక గీత ఉంటుందని ఆ ఊరు చెబుతుంది.

మూడవ రోజు ఇచ్ఛాపురం. బాహుదా వంతెన మీద నిలబడితే అవతల కొద్ది దూరంలోనే ఒడిశా. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాం జిల్లా రెండుగా చీలింది. పర్లాకిమిడి అటు పోయింది, ఇచ్ఛాపురం ఇటు ఉండిపోయింది. పటంలో గీత పడినా పెళ్లిళ్ల సంబంధాలు మాత్రం తెగలేదు. మన ఆడపిల్లలకు పెళ్లిచీర ఇప్పటికీ బరంపురం పట్టే. ఇచ్ఛాపురం సంతలో ఒక గంట తిరిగితే, బేరం ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగించే మనుషులు కనిపిస్తారు. ఏ భాషలో ధర తగ్గుతుందో వారికే తెలుసు!

జబ్బు విషయం గురించి రాయడానికి నాకన్నా తగినవారు ఉన్నారు, వారు రాయాలని కోరుతున్నాను.

సమాధానం 2: ఉద్దానం కోడలు

నేను పుట్టింది నరసరావుపేట దగ్గర నల్లరేగడి నేలలో. పెళ్లయి వజ్రపుకొత్తూరు మండలానికి వచ్చి పద్దెనిమిదేళ్లు. బయటి కళ్లతోనూ ఇంటి కళ్లతోనూ ఈ ప్రాంతాన్ని చూసినదానిని కనుక నా మాట కూడా వినండి.

వచ్చిన కొత్తలో నాకు ఈ ఊరు నచ్చలేదని చెప్పడానికి మొహమాటం లేదు. ఇంటి చుట్టూ చెట్లే. పగటిపూట కూడా గదిలో దీపం వేసుకోవాలి. మా పుట్టింట నాలుగు దిక్కులా ఆకాశం కనిపించేది, ఇక్కడ తల పైకెత్తినా ముక్కలు ముక్కలుగా తప్ప కనిపించేది కాదు. అందరూ "ఏటి, ఏటి" అంటుంటే నన్ను ఎగతాళి చేస్తున్నారేమో అనుకున్నాను. చోడి (రాగి) అంబలి తాగడం అలవాటు కావడానికి ఏడాది పట్టింది. మా అత్తగారు మాత్రం ప్రతి సాయంత్రమూ చేతికి ఒక చెంబు ఇచ్చి తోటలోకి తీసుకువెళ్లి, ఒక్కొక్క చెట్టునూ బంధువును పరిచయం చేసినట్టు పరిచయం చేసేవారు. ఇది మీ మామగారు పుట్టినప్పుడు తాతగారు వేసింది, ఇది పెద్దాడపడుచు పేరు మీద వేసింది, దీని బొండం తియ్యన, దాని కాయలో పీచు ఎక్కువ, ఆ పనస చెట్టు తొనలు జారుడు, ఈ పనస తొనలు గట్టివి. నాకు ఒక్కటీ గుర్తుండేది కాదు. అన్నీ ఒకేలా కనిపించేవి.

2018 అక్టోబరు 10, దసరా నవరాత్రులు మొదలైన రోజు. ఆ రాత్రి ఈదురు గాలి మొదలై, తెల్లవారుజామున నాలుగు దాటాక పూర్తిగా మా మీదికి వచ్చింది. తిత్లీ తీరం దాటింది మా మండలం ఒడ్డునే. పైకప్పు రేకులు లేచిపోతున్న చప్పుడు మధ్యలో చెట్లు విరిగే చప్పుడు ఎలా ఉంటుందో నేను రాయలేను. అందరమూ నడిమి గదిలో ఒక మంచం కింద పిల్లలను పెట్టుకుని కూర్చున్నాము. వెలుతురు వచ్చాక మా ఆయన తలుపు తీశారు. నేను మొదట గమనించినది పడిన చెట్లను కాదు, ఆకాశాన్ని. మా పుట్టింట్లో ఉన్నంత ఆకాశం నా ఇంటి ముందు ఉంది. పదకొండేళ్లు దేనికోసం బెంగపడ్డానో అది ఒక్క రాత్రిలో దొరికింది, దాన్ని చూసి నేను ఏడ్చాను.

మా అత్తగారు ఏడవలేదు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, పడిన మానుల మీదుగా దాటుతూ వెళ్లి, ఒక్కొక్క దాని దగ్గరా ఆగి పేరు చెబుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మామగారి చెట్టు, ఆడపడుచు చెట్టు, జారుడు తొనల చెట్టు. నేను వెనకే నడుస్తూ, ఆమె మరిచిపోయిన రెండింటి పేర్లు నేనే చెప్పాను. అవి నాకు ఎప్పుడు వచ్చాయో నాకే తెలియదు.

ఆ తర్వాత చాలా నెలలు రంపాల చప్పుడే. కూలిన కొబ్బరిని కొనేవాడు లేక, తీయించడానికి ఎదురు డబ్బు ఇవ్వవలసి వచ్చింది. చాలామంది మగవాళ్లు ఊరు విడిచి పనులకు పోయారు. మళ్లీ మొక్కలు వేశాము. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది కనుక, ఆ వేసిన వాటిలో కొన్ని ఈ మధ్యనే మొదటి గెల వేశాయి. తెల్లదోమ పట్టి ఆకులు నల్లబడుతున్నాయి, అది వేరే దిగులు.

తమ్ముడూ, మీ మిత్రులను ఊళ్లు తిప్పడం సరే, ఒక పూటైనా మీ అమ్మగారి వెంట తోటలోకి పంపండి. మీరు పక్కన ఉండి వివరించకండి. ఆవిడ చెప్పేది సగం అర్థం కాకపోయినా పరవాలేదు. మధ్యాహ్నం లేత పనసకాయ దొరికితే పొట్టు కొట్టి, ఆవపెట్టి వండించండి. జనవరికి ఇంకా తొలికాయలే వస్తాయి కాబట్టి ముందుగా ఎవరికైనా చెప్పి ఉంచాలి. ఆ కాయను కోయడానికి చేతికి నూనె రాసుకోమని కరీంనగర్ అబ్బాయిలకు చెప్పండి, లేకపోతే ఆ జిగురు హైదరాబాదు దాకా వస్తుంది.

సమాధానం 3: పలాస నుంచి

పై ఇద్దరూ చాలా చక్కగా రాశారు. నేను కొంచెం కటువుగా రాస్తాను, మన్నించాలి. ఊరి మీద ప్రేమ గురించి మాట్లాడేటప్పుడు మనం తోట, సముద్రం, పనసపొట్టు దగ్గర ఆగిపోతాము. ఆ తోటలో పనిచేసేవారి ఒంటి సంగతి మర్యాదగా పక్కన పెడతాము. అది నాకు నచ్చదు.

మా అమ్మ ఇరవై ఏళ్లు జీడి పరిశ్రమలో పనిచేసింది. పలాస జీడిపప్పు అంటే అందరికీ తెల్లని గుండు పప్పు తెలుసు. 80 కేజీల పిక్కల బస్తా ఆవిరికి ఉడికి, ఆరి, కత్తెర మిషను మీద ఒక్కొక్క పిక్కగా పగిలి, బోర్మాలో (వేడిగాలి గదిలో) ఎండి, పైపొర తీసి, గుండు వేరు బద్ద వేరు చేసి డబ్బాకు ఎక్కేదాకా, ఆ పని ఎక్కువగా ఆడవాళ్ల వేళ్ల మీదే నడుస్తుంది. పెంకులోని జీడి రసం తగిలితే చర్మం కాలిపోతుంది. మా అమ్మ వేళ్ల చివర్లు నల్లగా, గీతలు లేకుండా ఉంటాయి. వేలిముద్ర యంత్రం ఆమెను గుర్తుపట్టక రేషను దగ్గర వెనక్కి పంపిన రోజులున్నాయి. మీ మిత్రులు ఇంటికి జీడిపప్పు కొనుక్కుని వెళ్లడం ఖాయం. కొనేముందు ఒక గంట ఆ పని జరిగే చోట నిలబడితే మంచిది. చాలా చోట్ల అడిగితే చూడనిస్తారు.

ఇప్పుడు జబ్బు. తెనాలి మిత్రుడి ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పండి. ఇక్కడి కిడ్నీ జబ్బు చాలామందిలో మధుమేహం, రక్తపోటు వంటి మామూలు కారణాలతో వచ్చినది కాదు. ఇరవై ఏళ్లకు పైగా పరిశోధనలు జరుగుతున్నా ఇదీ కారణమని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. నీళ్లని, పురుగుమందులని, ఎండలో నీరు తాగకుండా చేసే శ్రమని, నొప్పి మాత్రలని రకరకాల అనుమానాలు ఉన్నాయి. శ్రీలంకలోని ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, నికరాగువా, ఎల్ సాల్వడోర్ దేశాల్లోనూ పొలం పనులు చేసేవారిలో ఇటువంటి జబ్బే ఉంది. అక్కడా కారణం పూర్తిగా తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా వంశధార నీరు తెచ్చే పథకాన్నీ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రాన్నీ 2023 డిసెంబరులో ప్రారంభించారు. మూడు రోజులు ఉండి వెళ్లే అతిథి మన నీళ్లు తాగితే ఏమీ కాదు. ఏళ్ల తరబడి బతికిన మనకు ఏమవుతున్నదనేదే ప్రశ్న. ఇంత చెబితే చాలు. దాచినట్టూ ఉండదు, జాలి కోసం అడుక్కున్నట్టూ ఉండదు.

ఒక్కటి మాత్రం చేయకండి. డయాలసిస్ కేంద్రానికి చూడటానికి తీసుకువెళ్లకండి. కెమెరాలతో వచ్చి మా వీధిలో ఫోటోలు తీసుకుని వెళ్లినవారిని చాలామందిని చూశాము. మా పక్కింటి పెద్దాయన, మంచం మీద నుంచే, "బాబూ, నన్నేటి తీత్తావు, ఆ పనసచెట్టుని తియ్యి, మంచి కాపు మీదుంది" అన్నాడు. ఆ వచ్చినవారు నవ్వారు, కాని చెట్టును తీయలేదు.

మాస్టారు గున్నమ్మను గుర్తు చేశారు, బాగుంది. దానితోపాటు సోంపేట బీల కూడా చూపించాలి. వాన నీరంతా వచ్చి నిలిచే ఆ చిత్తడి నేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం కడతామన్నప్పుడు, పనికిరాని బంజరు అని కాగితాల్లో రాశారు. చేపలు పట్టేవారు, గడ్డి కోసుకునేవారు, కింద వరి పండించుకునేవారు అందరూ అది బంజరు కాదని ఎదురు నిలిచారు. 2010 జూలై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ కేంద్రం రాలేదు, బీల మిగిలింది. జనవరిలో దానిలో నీరు ఉంటుంది, తామరలు, కొంగలు ఉంటాయి. చూడటానికి పెద్ద అందంగా ఏమీ ఉండదని మీ మిత్రులు అనుకోవచ్చు. పరవాలేదు, బంజరు అని రాసినవారికీ అలాగే కనిపించింది.

సమాధానం 4: గంగపుత్రుడు, ప్రస్తుతం విశాఖ

బీల దగ్గర కొంగల ప్రస్తావన వచ్చింది కనుక ఒక చిన్న సవరణతో మొదలుపెడతాను. మీరు తప్పకుండా టెక్కలి దగ్గరి తేలినీలాపురం కూడా వెళతారు. అక్కడ చెట్ల మీద గూళ్లు కట్టే పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు సైబీరియా నుంచి వస్తాయని బోర్డుల మీద, పత్రికల్లో చదివి అదే మిత్రులకు చెబుతారు. ఆ రెండు జాతులూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతాల పక్షులే. చలిదేశం నుంచి రావు, మన దేశంలోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరుగుతూ, గుడ్లు పెట్టడానికి ఇక్కడికి చేరతాయి. నౌపడ ఉప్పుగల్లీల (ఉప్పు పండించే మడుల) చుట్టూ ఉన్న చిత్తడి నేలల్లో చేప దొరకడం వాటికి వసతి. ఆ ఊరివారు వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారన్న మాట మాత్రం నిజం. ఊరి మధ్య చింతచెట్ల కింద నడిస్తే తల మీద రెట్ట పడుతుంది, ఎవరూ విసుక్కోరు. జనవరిలో వెళితే గూళ్లలో పిల్లలను చూడవచ్చు. సైబీరియా అనకపోయినా ఆ దృశ్యం విలువ తగ్గదు.

ఇక మా సముద్రపు ఒడ్డు గురించి. తోటల గురించి అందరూ రాశారు, గట్టు అవతల ఉన్న మమ్మల్ని మరిచిపోయారు! మా నాన్నగారు ఏటా వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళ్లేవారు. మా ఊరి మగవాళ్లలో చాలామంది అంతే. ఆగస్టులో వెళితే మళ్లీ వేసవికే ఇల్లు చేరడం. ఇంటి ముందు సముద్రం పెట్టుకుని, రెండు వేల కిలోమీటర్లు పోయి ఇంకొకరి సముద్రంలో వల వేయడం ఏమిటని చిన్నప్పుడు అడిగాను. ఇక్కడ పడవ నిలిపే రేవు లేదని, ఉన్నది చిన్న తెప్పలకు చాలేదేనని ఆయన చెప్పారు. వారి ముందుతరం వారు రంగం వెళ్లారు. రంగూన్‌ను మా పెద్దలు రంగం అనేవారు. 1942లో యుద్ధం ముంచుకొచ్చి, బర్మా నుంచి కాలినడకన వెనక్కి వచ్చినవారి కథలు మా వీధిలో ఇప్పటికీ చెబుతారు. వెళ్లడం మాకు కొత్త కాదు. అమ్మవారి సంబరానికి మాత్రం ఎక్కడున్నా వచ్చేస్తారు, అప్పు చేసైనా వస్తారు. పండుగ మూడేళ్లకో అయిదేళ్లకో ఒకసారి చేసే ఊళ్లలో, ఆ తేదీని చూసుకునే పెళ్లి ముహూర్తాలు పెట్టుకుంటారు.

వీలైతే ఒక రాత్రి ఒడ్డున నడవండి. జనవరి చివరికి గుడ్లు పెట్టడానికి తాబేళ్లు రావడం మొదలవుతుంది. మీరు వెళ్లేది పండుగ రోజుల్లో కాబట్టి కనిపిస్తాయని మాట ఇవ్వలేను. టార్చిలైటు మాత్రం వేయవద్దు.

కవిటి వాసి

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇన్నింటిలో ఏది వదలాలో తెలియక నిన్న రాత్రి చాలాసేపు కూర్చున్నాను. చివరకు ఇలా అనుకున్నాను. మొదటి రోజు ఉదయం బారువ, అక్కడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు సోంపేట బీల. రెండవ రోజు పూర్తిగా ఇంటి దగ్గరే, అమ్మతో తోట. మూడవ రోజు తేలినీలాపురం చూసి, పలాసలో జీడి పని చూసి, అక్కడే రైలు ఎక్కిస్తాను. ఇచ్ఛాపురం, మందస ఈసారికి కుదరవు. మాస్టారు కోప్పడకండి, గున్నమ్మ కథ దారిలో చెబుతాను.

పలాస నుంచి రాసిన వారికి ఒక మాట. మీ సమాధానం చదివాక తెనాలి మిత్రుడికి ఫోను చేసి, మీరు రాసిన క్రమంలోనే చెప్పాను. చిన్నాన్న సంగతి కూడా చెప్పాను. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత, చిన్నాన్నగారు ఏమి తినవచ్చో కనుక్కో, మా ఊరి నుంచి ఏదైనా తెస్తానన్నాడు. చిన్నాన్నను అడిగితే, "తినేది తర్వాత, ఆ కుర్రాళ్లకు చెట్టెక్కడం వచ్చా?" అన్నారు. ఆయన ఒకప్పుడు రోజుకు నలభై చెట్లు ఎక్కినవారు. ఇప్పుడు కుర్చీ వేసుకుని కింద కూర్చుని, ఏ గెల ముదిరిందో, ఏది దింపాలో చెబుతుంటారు. చెట్టు మొదట్లో చేయి వేసి తట్టి చెప్పే ఆ లెక్క ఇంతవరకు తప్పలేదు. మూడు రోజుల్లో వీరు ఎవరిని కలవకపోయినా ఆయన పక్కన ఒక గంట కూర్చోవాలని నిర్ణయించుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. ఇంటి దగ్గర ఉండేది కనుమ నాడు. ఆ రోజు బొండాలు దింపడానికి మనిషి దొరుకుతాడా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, సోంపేట

దొరకడు బాబూ. కనుమ నాడు మన వైపు ఎవరూ చెట్టెక్కరు, ఎక్కమని అడగడమూ బాగుండదు. భోగికి ముందు రోజే రెండు గెలలు తాడు కట్టి, నేలకు తగలకుండా దింపించి, నూతి పక్కన నీడలో తడి గోనె కప్పి ఉంచండి. మూడు రోజులకు ఏమీ కాదు. ఏ చెట్టువో మీ చిన్నాన్నగారినే అడగండి.